రంజక-రంధ్రస్ఫటిక కాంతిగ్రాహక పదార్థాలు

కాంతిని పీల్చుకునే రంజక అణువులను సూక్ష్మరంధ్రాలున్న స్ఫటికాల లోపల గానీ, ఆ రంధ్రాల గోడల మీద గానీ క్రమంగా నిలిపి, అవి పట్టిన శక్తిని కావలసిన చోటికి చేర్చేలా రూపొందించిన పదార్థాలను రంజక-రంధ్రస్ఫటిక కాంతిగ్రాహక పదార్థాలు అంటారు. వీటిలో రెండు తెగలు ముఖ్యమైనవి. జియోలైట్ వంటి స్ఫటికాలలో రంజకం పట్టిన శక్తి అణువు నుంచి అణువుకు చేతులు మారుతూ పోతుంది. టైటానియం డయాక్సైడ్ పొరలో రంజకం ఎలక్ట్రానునే స్ఫటికానికి అప్పగిస్తుంది. రెండవ తెగ చరిత్రలో హైదరాబాదు రసాయన శాస్త్రవేత్తల పాత్ర గణనీయమైనది. ఆ తెగలో పరిశోధకులు నమూనాగా వాడిన ఒక రంజకం నల్లగొండ ప్రాంతపు అద్దకందారులకు అంతకు చాలా ముందే పరిచయం.

రంజకాన్ని నీటిలో పలచగా కలిపితే అది పీల్చుకున్న కాంతిలో చాలా భాగాన్ని తిరిగి వెలుగుగా ఇస్తుంది గాని, మోతాదు పెంచినకొద్దీ అణువులు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కట్టి, ఆ శక్తిని వేడిగా మార్చి వృథా చేస్తాయి. తక్కువ చోటులో ఎక్కువ రంజకం ఉండాలి, అయినా అణువులు అంటుకోకూడదు అన్న ఈ చిక్కును మొక్కలు ప్రొటీన్ల సాయంతో పరిష్కరించుకున్నాయి. ఆకులోని పత్రహరితపు అణువులను ప్రొటీన్లు నిర్ణీత దూరాలలో పట్టి ఉంచడం వల్ల కొన్ని వందల అణువులు పట్టిన కాంతి ఒకే చర్యాకేంద్రానికి చేరుతుంది. ప్రయోగశాలలో ప్రొటీన్ చేసే పనిని స్ఫటికపు రంధ్రం చేయవలసి ఉంటుంది.

ఈ పనికి బాగా కుదిరిన స్ఫటికం జియోలైట్-ఎల్. జియోలైట్లు అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల చట్రంతో ఏర్పడిన ఖనిజాలు. ఎల్ రకంలో ఒకదానికొకటి సమాంతరంగా సాగే సన్నని సొరంగాలు ఉంటాయి. వాటి ద్వారం వెడల్పు 0.71 నానోమీటర్లు, అంటే రంజక అణువు దూరగలదు గాని రెండు అణువులు పక్కపక్కన ఇమడలేవు. 600 నానోమీటర్ల వ్యాసం ఉన్న ఒక్క స్ఫటికంలోనే ఇటువంటి సొరంగాలు దాదాపు 96,000 ఉంటాయి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో గియోన్ కాల్జాఫెరి బృందం ఈ సొరంగాలలోకి ముందుగా పైరోనిన్ అనే రంజకాన్ని, ఆ తరువాత ఆక్సోనిన్‌ను పంపింది. ముందు వెళ్ళినది నడిమి భాగంలోకి జరిగి, వెనుక వచ్చినది రెండు కొసలలో నిలిచింది. పైరోనిన్ పట్టిన శక్తి అణువుల వరుస వెంట జరిగి జరిగి ఆక్సోనిన్‌ను చేరగా, అది ఎర్రని కాంతిగా బయటపడుతుంది; అందువల్ల సూక్ష్మదర్శినిలో నడుమ ఆకుపచ్చగా, కొసల్లో ఎర్రగా మెరిసే స్ఫటికాలు కనిపిస్తాయి. ఈ బదిలీని వివరించినవాడు జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ఫోర్‌స్టర్. అణువుల మధ్య దూరం రెట్టింపైతే బదిలీ వేగం 64వ వంతుకు పడిపోతుందని ఆయన సూత్రం చెబుతుంది కనుక, సొరంగాలలో రంజకం ఎంత కిక్కిరిసి ఉంటే అంత మేలు.

టైటానియం డయాక్సైడ్ మార్గం వేరు. గోడలకు వేసే తెల్లరంగులో ఉండే ఈ పదార్థం అతినీలలోహిత కిరణాలను తప్ప కంటికి కనిపించే వెలుగును పీల్చుకోదు; చదునైన పలక మీద రంజకాన్ని ఒక్క అణువు మందాన పూస్తే పడిన కాంతిలో ఒక శాతం కూడా చిక్కదు. 1991లో బ్రయన్ ఓరీగన్, మైకేల్ గ్రాట్జెల్ నానోమీటర్ల పరిమాణంలోని టైటానియం డయాక్సైడ్ రేణువులను వేడిచేసి అతికించి, పది మైక్రోమీటర్ల మందపు గుల్ల పొరగా మార్చి, లోపలి ఉపరితలాన్ని వందల రెట్లు పెంచారు. గాజుపలక మీది ఆ పొరను రంజక ద్రావణంలో నానబెట్టి తీస్తే ప్రతి రేణువుకూ రంజకం పడుతుంది. కాంతి సోకగానే అది ఎలక్ట్రానును రేణువుకు ఇచ్చి, పోయినదాన్ని అయొడైడ్ ద్రావణం నుంచి తిరిగి పొందుతుంది.

ఇలా కాంతిని విద్యుత్తుగా మార్చే ఈ రంజక సౌరఘటానికి చాలాకాలం ప్రామాణికంగా నిలిచిన రంజకం ఎన్3. దాన్ని 1993లో వెల్లడించిన పరిశోధనపత్రానికి ప్రథమ రచయిత, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి లౌసాన్‌లోని గ్రాట్జెల్ ప్రయోగశాలకు వెళ్ళిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. రుథీనియం లోహం చుట్టూ రెండు బైపిరిడీన్ అణువులు, రెండు థయోసయనేట్ సమూహాలు అమర్చిన ఈ సమ్మేళనంతో సౌరశక్తిలో పది శాతం విద్యుత్తుగా మారింది. రుథీనియం ఖరీదైన, అరుదైన లోహం కావడంతో దాన్ని తప్పించే ప్రయత్నాలు మొదలయ్యాయి. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఎల్. గిరిబాబు, ఎం. లక్ష్మీకాంతం తదితరులు, నజీరుద్దీన్, గ్రాట్జెల్‌లతో కలిసి జింకు థాలోసయనిన్ రంజకం ఒకదాన్ని 2007లో ప్రకటించారు. దాని సామర్థ్యం మూడు శాతం దగ్గరే ఆగినా, రుథీనియం రంజకాలు బలహీనంగా పీల్చుకునే 690 నానోమీటర్ల ముదురు ఎరుపు కాంతిని అది సమర్థంగా పట్టింది. ఒక్క సామర్థ్యపు అంకెతో ఇటువంటి పనిని తూచడం సరికాదు.

రంజకం రేణువును ఎలా పట్టుకుంటుందన్నది ఈ విద్యలో అసలు కీలకం. ఎన్3లో ఆ పని కార్బాక్సిల్ సమూహాలది. అలిజరిన్ అనే ఎర్రరంగులో పక్కపక్కనున్న రెండు హైడ్రాక్సిల్ సమూహాలది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవారు నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను మాటిమాటికి నానబెట్టి ఆరబెట్టి, పటికతో అలిజరిన్ ఎరుపును ఎక్కిస్తారు. అక్కడ నూలుకూ రంగుకూ నడుమ నిలిచేది పటికలోని అల్యూమినియం. అలిజరిన్ తన ఆక్సిజన్ పరమాణువులతో ఆ లోహాన్ని పట్టుకోవడం వల్లనే రంగు ఉతుకుకు నిలుస్తుంది. టైటానియం డయాక్సైడ్ మీదైతే అదే అణువు నేరుగా టైటానియాన్ని పట్టుకుంటుంది. అలా అతికిన అలిజరిన్ నుంచి ఎలక్ట్రాను సుమారు ఆరు ఫెమ్టోసెకన్లలో రేణువులోకి దూకుతుందని 2002లో కొలిచారు. ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటి కోట్ల వంతులో పదవ వంతు. ఇంత వేగం ఉన్నా అలిజరిన్ మంచి ఘటాన్ని ఇవ్వదు. అది పీల్చుకునే వర్ణాల మేర తక్కువ, పైగా దూకిన ఎలక్ట్రాను తిరిగి రంజకానికే చేరిపోతుంది.

ఈ రెండు తెగలే కాక, లోహ అయాన్లను కర్బన అణువులతో జోడించి కట్టే లోహ-కర్బన చట్రాలలో రంజకాన్ని అతిథిగా కాక చట్రంలోని దూలంగానే వాడవచ్చు. పత్రహరితానికి దగ్గరి చుట్టమైన పార్ఫిరిన్‌తో ఇలాంటివి చాలా తయారయ్యాయి. ఈ చట్రాలకు పునాది వేసిన సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు 2025 రసాయన నోబెల్ లభించింది. వీటి ద్వారా విద్యుత్తు తీయడం ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది.

రంజక ఘటాల వాడుకలో పెద్ద అడ్డంకి వేడి. అత్యుత్తమ ఫలితాలిచ్చిన రంజక ఘటాలలో ద్రావణిగా తరచు వాడే అసిటోనైట్రైల్ 82 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. వేసవిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూముల్లో నీడలోనే 44, 45 డిగ్రీలు నమోదయ్యే రోజుల్లో ఎండలోని ఫలకం గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, ఆవిరి ఒత్తిడికి అంచుల బంధనం సడలి ద్రావణం కారిపోయే ప్రమాదం ఉంది. ద్రావణానికి బదులు ఘనపదార్థాన్ని వాడితే ఈ బెడద తప్పుతుంది గాని సామర్థ్యం తగ్గుతుంది. అందుకే రంజక ఘటాలు ఇప్పుడు పొలాల్లోని సౌర ఫలకాలతో పోటీ మాని, ఇంటి దీపాల మసక వెలుతురులో పనిచేసే చిన్న పరికరాల వైపు మళ్ళుతున్నాయి.