కంగారు పడాల్సింది ఎవరు?

కంగారూలు చెట్లెక్కుతాయని నాకు మొన్నమొన్నటి దాకా తెలీదు. ఆస్ట్రేలియా అంటే క్రికెట్టు, కంగారూ అంటే వాళ్ళ విమానాల మీద బొమ్మ. మన జనరల్ నాలెడ్జి అంతే. చెట్టు మీద తాపీగా ఆకులు నవుల్తూ కూర్చునే కంగారూ కూడా ఒకటుందని తెలిశాక రెండు వారాంతాలు దాని వెనకాలే పడ్డాను. చదివింది మీకూ చెబుదామని ఈ టపా.

ముందు జంతువు సంగతి. కంగారూల పూర్వీకులు చెట్ల మీద బతికిన చిన్న జీవులు. అవి నేల మీదకి దిగి, గెంతడం నేర్చుకుని కంగారూలయ్యాయి. వాటిలో ఒక శాఖ, రాతిగుట్టల మీద ఉండే వాలబీలకి దగ్గర చుట్టం, మళ్ళీ చెట్టెక్కేసింది. మా భాషలో రోల్‌బ్యాక్ అన్నమాట :) ముందుకాళ్ళు బలిశాయి, గోళ్ళు వంకీ తిరిగాయి, వెనక పాదాలు పొట్టిగా వెడల్పుగా అయ్యాయి. మామూలు కంగారూ వెనక్కి నడవలేదు, ఇది నడుస్తుంది. పొడుగాటి తోకతో కొమ్మని పట్టుకోలేదు, అది తూకానికి మాత్రమే. పిల్లని ఒక్కసారికి ఒక్కదాన్నే కంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొత్తం పద్నాలుగు జాతుల దాకా ఉన్నాయి. రెండు ఆస్ట్రేలియా ఈశాన్య మూలన క్వీన్స్‌లాండ్ వానడవుల్లో, మిగిలినవన్నీ న్యూగినీ దీవిలో.

ఇక చరిత్ర. 1840లో సాలమన్ ముల్లర్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఈ వర్గానికి డెండ్రోలాగస్ అని పేరు పెట్టాడు. అంటే గ్రీకులో 'చెట్టు కుందేలు'. 1880ల మొదట్లో కార్ల్ లుమ్‌హోల్ట్జ్ అనే నార్వే వాడు క్వీన్స్‌లాండ్‌లో హెర్బర్ట్ నది దగ్గర ఆదివాసుల మధ్య ఉన్నాడు. 'బూంగరీ' అనే జంతువు చెట్ల మీద ఉంటుందని వాళ్ళే ఆయనకి చెప్పారు. వాళ్ళే తమ కుక్కని వెంటబెట్టుకుని వేటాడి తెచ్చిచ్చారు. 1884లో నార్వేలో దానికి శాస్త్రీయ నామం ఖాయమైంది: డెండ్రోలాగస్ లుమ్‌హోల్ట్జీ! కోడ్ రాసినవాడు ఒకడు, డాక్యుమెంటు మీద పేరు ఇంకొకడిది. మనకి కొత్తేం కాదు కదా.

1928లో ఎర్న్‌స్ట్ మేయర్, తర్వాత పరిణామ శాస్త్రంలో మహామహుడైనాయన, పశ్చిమ న్యూగినీలో వొండివోయ్ కొండల నుంచి ఒకే ఒక్క నమూనా పట్టుకొచ్చాడు. ఆ తర్వాత తొంభయ్యేళ్ళు ఆ జాతి ఎవరి కెమెరాకీ చిక్కలేదు. అంతరించిపోయిందేమో అనుకున్నారు. 2018లో మైకేల్ స్మిత్ అనే ఇంగ్లండు వృక్షప్రేమికుడు స్థానికుల్ని వెంటబెట్టుకుని కొండెక్కి ఫొటో తీశాడు. 'మళ్ళీ కనుగొన్నారు' అని పత్రికలు రాశాయి. అది తప్పిపోయింది మనకే గానీ ఆ కొండకి కాదు.

అదే దీవిలో డింగిసో అని ఇంకో జాతి ఉంది. శాస్త్రం దానికి పేరు పెట్టింది 1995లో. ఆ కొండల్లోని మోనీ తెగలో చాలామందికి అది పూర్వీకుల ఆత్మ, చంపకూడదు. అది మిగలడానికి ఆ కట్టుబాటు ఓ పెద్ద కారణం. వన్యప్రాణి చట్టం అనే మాట పుట్టక ముందునించీ ఉన్న చట్టం.

అన్నిచోట్లా అలాంటి కట్టుబాటు లేదు. న్యూగినీలో చాలా ఊళ్ళకి ఇది మాంసం. జనాభా పెరిగింది, అడవి తగ్గింది, వేట పెరిగింది. ఒక్కో పిల్లని కనే జంతువు తట్టుకోలేకపోయింది. టోరిచెల్లి కొండల్లో ఉండే టెంకిలే అనే జాతికి 1990లో పేరు పెట్టారు. 2000 నాటికి అది వందకి అటూ ఇటూగా మిగిలిందని అంచనా.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. పాపువా న్యూగినీలో 97 శాతం దాకా భూమి తెగలదే, సర్కారుది కాదు. కంచె వేసి జనాన్ని బయటికి తోలడం అక్కడ కుదరదు. అడగాల్సిందే. టోరిచెల్లి కొండల ఊళ్ళని అడిగారు. వాళ్ళు టెంకిలే వేట మానేస్తామని మాటిచ్చారు. 2001లో టెంకిలే సంరక్షణ సంఘం ఏర్పడింది. వేట మాన్పిస్తే పిల్లలేం తింటారు? అందుకని కుందేళ్ళ పెంపకం నేర్పారు. 'చెట్టు కుందేలు'ని అసలు కుందేలు కాపాడింది! టెంకిలే సంఖ్య తర్వాత మూడొందలు దాటిందని అంచనా.

తూర్పున హ్యువాన్ ద్వీపకల్పంలో 1996లో లిసా డాబెక్ మొదలుపెట్టిన కార్యక్రమం కూడా ఇదే దారి. యోప్నో, ఉరువా, సోమ్ నదుల దగ్గరి ఊళ్ళవాళ్ళు తమ వేట అడవిలో కొంత భాగం వదిలేసుకున్నారు. 2009లో 1,80,000 ఎకరాలకి పైగా నేల ఆ దేశపు మొట్టమొదటి చట్టబద్ధ సంరక్షణ ప్రాంతమయింది. భూమి మాత్రం ఇప్పటికీ తెగలదే. ఆ రైతుల కాఫీగింజలు సియాటిల్ దాకా అమ్ముడుపోయాయి.

ఇదంతా చదివాక నాకు నేనే ఓ ప్రశ్న వేసుకున్నాను. ఏదో పక్షి అంతరించిపోతోంది, ఆదివారం కోడికూర మానెయ్యమని ఎవరైనా వచ్చి అడిగితే నేను మానతానా? జీతం, ఫ్రిజ్జు, ఇంటి కింద సూపర్ మార్కెట్టు ఉన్న నేనే పది వాదనలు పెడతాను. అవేవీ లేనివాళ్ళు సరేనన్నారు.

మనం మునగచెట్టు ఎక్కించేది మాత్రం పేరు పెట్టినవాళ్ళనీ, ఫొటో తీసినవాళ్ళనీ. వాళ్ళ పని తక్కువని కాదు, ఆ పని లేకపోతే నాకీ టపా లేదు. కానీ లెక్క తేలాల్సిన చోట తేలాలి. ఆ జంతువుని ముందుగా తెలిసినవాళ్ళూ, దాని కోసం తమ నోటి దగ్గర కూడు వదులుకున్నవాళ్ళూ వేటగాళ్ళే. ఏ జాతి పేరు చివరా వాళ్ళ పేరు నాకు కనిపించలేదు.