కందికి తోడు జొన్న

వారంలో రెండు మూడుసార్లయినా కందిపప్పు ఉడకని ఇల్లు మనలో ఎవరిదైనా ఉందా చెప్పండి? ధర పెరిగిందంటే కొట్టువాణ్ణి నాలుగు మాటలు అంటాం. కాని ఆ పప్పు పండే చేనుకి ఒక చరిత్ర ఉంది. అందులో మన వంటింటికీ భాగం ఉంది. ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

మన మెట్టపొలాల్లో వెనకటివాళ్ళు కందిని ఒంటరిగా వేయడం తక్కువ. కొన్ని సాళ్ళు జొన్న, నడుమ ఒక సాలు కంది వేసేవారు. మరుసటేడు ఆ చేలో పంట మార్చేవారు. తెలియనివాళ్ళకి ఇదంతా కలగాపులగంగా కనిపించేది. 1889లో మన సేద్యాన్ని బాగుచేసే మార్గం చెప్పమని ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి రప్పించారు. ఆయన దేశమంతా తిరిగి, పంట మార్పిడి సంగతి ఇక్కడి రైతుకి తెలియదనుకోవడం పొరపాటని 1893 నాటి నివేదికలో రాశాడు. నేర్పడానికి వచ్చినాయన నేర్చుకుని వెళ్ళాడన్నమాట!

అయితే ఈ పద్ధతి వల్ల చేనుకి జరిగే మేలేమిటి? కందికి ఎండు తెగులని ఒక జబ్బుంది. పచ్చగా ఉన్న మొక్క పూత, కాత వేళకి నిలువునా ఎండిపోతుంది. పూసాలో పనిచేసిన బట్లర్ 1906లో దీన్ని గుర్తించి, 1910లో కారణమైన శిలీంధ్రానికి ఫ్యుజేరియం ఉడమ్ అని పేరుపెట్టాడు. అది నేలలోనే, పాత కంది మోళ్ళను పట్టుకుని ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఏటా కందే వేస్తే దానికి ఏటా విందే! మన పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దీన్ని పొలంలో పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించారు. వరసగా కందే వేసిన మళ్ళలో తెగులు పెచ్చుమీరింది. జొన్నతో కలిపి వేసినచోటా, ఒక ఏడు జొన్న వేసి తర్వాత కంది వేసినచోటా తగ్గింది.

కలుపు మాటకొస్తే, కంది మొదటి రెండు నెలలూ నింపాదిగా పెరుగుతుంది. ఆలోగా కలుపు కమ్మేస్తుంది. పక్కన జొన్న చకచకా ఎదిగి నేలకి నీడ పడితే కలుపుకి అంత చోటుండదు. జొన్న కోసేశాక కంది ఒళ్ళు విరుచుకుని ఆ జాగా ఆక్రమిస్తుంది.

మరి జొన్నకి శత్రువు లేదా? ఉంది. స్ట్రైగా అనే కలుపు దాని వేళ్ళకి అతుక్కుని రసం పీల్చేస్తుంది. నల్లరేగడి నేలల్లో ఒక ఏడు జొన్న, ఒక ఏడు పత్తి వేసే అలవాటు ఇక్కడ అక్కరకొచ్చింది. పత్తి వేళ్ళ నుంచి ఊరే పదార్థం తగలగానే స్ట్రైగా గింజ మొలకెత్తుతుంది. తీరా చూస్తే అతుక్కునేందుకు జొన్న వేరు లేదు. ఆకలితో చచ్చిపోతుంది! ఆ పదార్థాన్ని శాస్త్రజ్ఞులు 1966లోగాని వేరుచేసి చూడలేకపోయారు.

ఇదొక్కటే సర్వరోగ నివారిణి అనను. తెగులు తట్టుకునే మారుతి, ఆశ వంటి కంది రకాలూ వచ్చాయి. కాని విత్తనం కొనాలి, పక్క పంట ఇచ్చే రక్షణకి డబ్బివ్వక్కర్లేదు.

ఇక మన సంగతి. తెల్లన్నానికి అలవాటుపడి జొన్నరొట్టె, జొన్నసంకటి మనం వదిలేశాం. కొనేవాళ్ళు తగ్గితే రైతు జొన్న ఎందుకు వేస్తాడు? జొన్న పోతే కందికి తోడు పోయింది. ఆ నష్టం తిరిగి తిరిగి మన పప్పు డబ్బాలోకే వస్తుంది. ఈసారి సరుకుల చీటీలో పప్పు కింద ఒక కిలో జొన్నలు కూడా రాయండి. వారానికి ఒక పూట రొట్టె చేస్తే పిల్లలకి రుచి తెలుస్తుంది, చేనుకి దాని పాత నేస్తం దక్కుతుంది.