చిత్రకథలు - చదువరుల ఋణము

తెలంగాణమునందలి చేర్యాల నకాశీ చిత్రకారులు పొడవైన పటములపై కులపురాణములను వరుసవరుసగా చిత్రించుచు వచ్చిరి. కథకుడు పటమును విప్పుచు, ఒక్కొక్క గడిని చూపుచు, కథ వినిపించెడివాడు. ఏ కులమువారి కథయో ఆ కులమువారే వానికి కానుకలిచ్చి పోషించెడివారు. చిత్రకారునకును చూచువానికిని గల యీ సంబంధమును మనస్సున నుంచుకొని, కంప్యూటరుపై పుట్టి యింటర్నెట్టునందు వ్యాపించిన చిత్రకథల చరిత్రను పరిశీలింప దలచితిమి.

1984లో ఆపిల్ సంస్థవారు మెకింటాష్ యంత్రమును వెలువరించిరి. మరుసటి యేడు, అనగా 1985లో, పీటర్ గిల్లిస్ రచింపగా మైక్ సేంజ్ చిత్రించిన "షాటర్" అను కథను అమెరికాలో ఫస్ట్ కామిక్స్ వారు ప్రకటించిరి. కుంచెయు సిరాయు లేక, మౌస్ అను పరికరమును బల్లపై జరుపుచు గీసిన బొమ్మలవి. తెర తొమ్మిదంగుళములది, అందు నలుపు తెలుపులే గాని వేఱు వర్ణము లేదు. కావున బొమ్మలను చుక్కల ముద్రణయంత్రముపై కాగితమునకు దించి, రంగులు చేతితోనే వేసిరి. పిదప 1988లో సేంజ్ "ఐరన్ మ్యాన్: క్రాష్"ను, 1990లో పెపె మొరెనో "బ్యాట్‌మాన్: డిజిటల్ జస్టిస్"ను యంత్రసాహాయ్యముననే నిర్మించిరి. సాధనము మారెను గాని, ప్రకాశకుడును పుస్తకపుటంగడియు మారలేదు.

ఆ మార్పు వేఱొక దారిని వచ్చెను. 1986లో జో ఎకైటిస్ "టి.హెచ్.ఇ. ఫాక్స్" అను చిత్రకథను టెలిఫోను తంత్రులద్వారా కంప్యూటరు చందాదారులకు అందించెను. 1991లో హాన్స్ బ్యోర్డాల్ తన "వేర్ ది బఫెలో రోమ్"ను ఇంటర్నెట్టున పంచెను. 1993 సెప్టెంబరులో డేవిడ్ ఫార్లీ గీసిన "డాక్టర్ ఫన్" వెబ్బునందు వెలువడ నారంభించెను. సంపాదకుని యనుమతి యక్కఱలేదు. కాగితపు వ్యయము లేదు. గదిలో కూర్చుండి గీసినది సముద్రములు దాటి పోవుచుండెను.

2000లో స్కాట్ మెక్లౌడ్ అను చిత్రకారుడు తన "రీఇన్వెంటింగ్ కామిక్స్" గ్రంథమున మఱొక యూహను ప్రతిపాదించెను. తెరను పుటగా గాక గవాక్షముగా భావించినచో, చిత్రపటమునకు హద్దు లేదని యాతని మతము. కొరియా దేశమున 2003లో దౌమ్, 2004లో నేవర్ సంస్థలు ప్రారంభించిన చిత్రకథాశాఖలలో పైనుండి క్రిందికి జరుపుచు చదువు రూపము ప్రబలెను. చేర్యాలను వారెఱుగుదురని మేమనము. అయినను ఫోనుపై వ్రేలితో కథను విప్పుకొను పిల్లవానిని చూచినపుడు మాకు నకాశీ పటమే స్ఫురించును.

పటము వచ్చినది గాని, కానుక రాలేదు. మెక్లౌడ్ 2003లో "ది రైట్ నంబర్" అను కథకు ఇరువదియైదు సెంట్లు వెల పెట్టి, బిట్‌పాస్ అను చెల్లింపు సంస్థద్వారా గ్రహించెను. 2007లో ఆ సంస్థయే మూతపడెను. 2013లో వెలసిన పేట్రియాన్ వంటి సంస్థలవలన, మెచ్చినవారు నెలనెల కొంత సొమ్ము నేరుగా పంపు పద్ధతి యేర్పడినది.

గత సంవత్సరము మా తరగతిలోని యొక బాలిక తన యమ్మమ్మ చెప్పిన కథను ఫోనుపై చిత్రించి నేస్తులకు పంపెను. కొన్ని దినములకే ఆ బొమ్మలు, ఆమె పేరు చెఱిపివేయబడి, మరల మాకే చేరినవి. "దీనివలన కూడెక్కడిది, మేష్టారూ?" అని యామె తండ్రి మమ్ము ప్రశ్నించెను. మాకు వెంటనే యుత్తరము తోపలేదు. మేమును ఆ బొమ్మలు చూచి సంతోషించినవారమే. పేరు పోయినందులకు ఎవరినైన నిలిపి యడిగినవారము కాము.

ఆ ప్రశ్న బాలికను గాక మనలను తాకుచున్నది. ఉచితముగా చూచుట దోషము కాదు. రచయిత పేరు చెఱిపి పంచుట దోషము. పుస్తకమునకు వెల యిచ్చు గృహస్థుడు తెరమీది బొమ్మకు ఏమియు నీయనక్కఱలేదనుకొనుట న్యాయము గాదు. పల్లెవారు తమ కథకుని పోషింపగలిగిరి. చదువుకొన్న మనము, మనకు నచ్చిన చిత్రకారుని పేరు నిలిపి, శక్తికొలది కొంత యిచ్చుట యలవఱచుకొన్ననాడు, ఆ తండ్రికి మేము ధైర్యముగా బదులు చెప్పగలము.