ఒత్తిడి, మెదడు: మాంట్రియల్ నుండి హైదరాబాదు వరకు

ఇంగ్లీషులో 'స్ట్రెస్' అను మాట ఇంజనీర్ల వాడుకలోను ఉండెను. బరువు మోయు ఇనుపకడ్డీ లోపల కలుగు స్థితిని వారు ఆ మాటతో సూచించుచుండిరి. దానిని ప్రాణులకు అన్వయించి ప్రసిద్ధికి తెచ్చినవాడు కెనడాలోని మాంట్రియల్ నగరమున పనిచేసిన హాన్స్ సెల్యే.

సెల్యే ఎలుకలకు అండాశయ సారమును సూదితో ఎక్కించగా వాటి అడ్రినల్ గ్రంథులు పెరిగెను. థైమస్ గ్రంథి కుంచించుకొనెను. జీర్ణకోశమున పుండ్లు పుట్టెను. క్రొత్త హార్మోను దొరికినదని ఆయన మొదట తలచెను. కాని ఫార్మలిన్ ఎక్కించినను, చలిలో ఉంచినను అవే మార్పులు కనబడెను. కారణములు వేరైనను శరీరము చూపు ప్రతిక్రియ ఒక్కటే అని గ్రహించి, 1936లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖగా ప్రకటించెను.

ఈ ప్రతిక్రియకు ఆజ్ఞ ఎచ్చటి నుండి వచ్చును? మెదడు నుండియే. ఆపద తోచగానే మెదడు అడుగుభాగముననున్న హైపోథాలమస్ ఒక రసాయన సందేశమును పంపును. 1981లో అమెరికాలో వైలీ వేల్ బృందము దాని నిర్మాణమును కనుగొనెను. ఆ సందేశము పిట్యూటరీ గ్రంథిని, అది మూత్రపిండములపైనున్న అడ్రినల్ గ్రంథులను మేల్కొలుపును. అప్పుడు వెలువడు కార్టిసాల్ రక్తములో చక్కెరను హెచ్చించి శరీరమును ఆపదకు సిద్ధపరచును.

ఎలుకలలో ఈ జాతి హార్మోను, జ్ఞాపకమునకు ముఖ్యమైన హిప్పోకాంపస్ అను మెదడు భాగమును చేరి నిలుచునని 1968లో బ్రూస్ మెకీవెన్ చూపెను. హార్మోను హెచ్చినదని గుర్తించి, మెదడే సందేశమును ఆపివేయునని ఇతర పరిశోధనలు తెలిపెను. చెరువు తూము తెరువనిదే పైరుకు నీరందదు. సకాలమున మూయకున్న పైరే మునుగును. తట్టుకొను శక్తి యనగా చాలవరకు ఈ మూయగల శక్తియే.

తూము మూతపడకున్న ఏమగును? ఎలుకలను 10 దినములపాటు, దినమునకు 2 గంటలు కదలనీయక ఉంచి, బెంగుళూరులో సుమంత్ర చటర్జీ బృందము 2002లో ఫలితములను ప్రకటించెను. హిప్పోకాంపస్‌లో నాడీకణముల కొమ్మలు తగ్గెను. భయమునకు సంబంధించిన అమిగ్డలాలో అవి పెరిగెను. 21 దినముల విశ్రాంతి తరువాతను అమిగ్డలాలోని పెరుగుదల తగ్గలేదని 2004లో తెలిసెను.

ప్రయోగశాలలోని ఎలుక సరే, అడవిలోని పులి మాట ఏమి? రక్తము తీయుటకై పట్టుకొన్నచో, పట్టుకొనుటయే ఒత్తిడి యగును. ఈ చిక్కునకు ఉపాయము హైదరాబాదులో అమలగుచున్నది. రామంతాపూర్‌కు పొరుగున, ఉప్పల్ రోడ్డుపై సి.సి.ఎం.బి. కలదు. 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యమున ఆరంభమైన ఈ సంస్థకు అత్తాపూర్‌లో వన్యప్రాణి ప్రయోగశాల యున్నది. హార్మోను శేషములు మలముతో వెలువడును గనుక, జంతువును తాకకయే వాటిని అచ్చట కొలుతురు. మధ్యప్రదేశ్‌లోని కన్హా, బాంధవ్‌గఢ్ పులులలో పర్యాటకులు వచ్చు కాలమున ఈ శేషములు హెచ్చుగా నున్నవని జి. ఉమాపతి బృందము 2019లో ప్రకటించెను.

మనుష్యుల మాట హవాయీలోని కౌఆయి దీవి చెప్పును. అచ్చట 1955లో పుట్టిన పిల్లలను ఎమీ వెర్నర్ బృందము దశాబ్దములపాటు పరిశీలించెను. పేదరికము, కుటుంబ కలహముల వంటి కష్టముల నడుమ పెరిగినవారిలో సుమారు మూడింట ఒక వంతు మంది సమర్థులై ఎదిగిరి. వారిని ఆదరించిన పెద్ద ఒకరైనను ఉండుట ఇందుకు ముఖ్యకారణములలో ఒకటి. కొందరికి ఆ పెద్ద బడిలోని ఉపాధ్యాయుడే.

పరీక్షకు ముందు విద్యార్థి గుండె కొట్టుకొనుట రోగము కాదు. మెదడు తన పని చేయుచున్నది. పరీక్ష ముగిసిన పిమ్మటను ఆ దడ దినములకొలది నిలిచినచో, ఉపాధ్యాయుడు ఆ బిడ్డను దగ్గరకు పిలిచి మాటాడవలెను.