పరుసవేది ఎవరి చేతిలో వుంది?

బండిచక్రపు ఇనుము ఒక రాతికి తగిలి బంగారమయిందట. ఆ పరుసవేది చుట్టూ ఓరుగల్లు లేచిందట. ఇది కాకతీయుల గాథ. చెరువులు తవ్విన చేతుల ఊసు ఇందులో లేదు. శ్రమ తెచ్చిన సంపదను రాతి మహిమగా చెప్పుకోవడం ఏలినవారికి ఎప్పుడూ అనుకూలమే.

1323లో కోట పడింది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. నగరం సుల్తాన్‌పూర్ అయింది. ఆనాడు ఓడకపోయి వుంటే మన చరిత్రే వేరుగా వుండేదని వాపోయేవారు నేటికీ వున్నారు. ఆ ఊహ రాజును తలచి ఏడుస్తుంది, ప్రజను మరచిపోతుంది.

ముసునూరి నాయకులు, రేచర్ల వెలమలు, బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీలు వచ్చిపోయారు. స్వయంభూ ఆలయం కూలి నాలుగు తోరణాలు మిగిలాయి. కాని మట్టికోట లోపల సేద్యం సాగుతూనే వుంది. ఓరుగల్లు మగ్గాలపై నేసిన తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకెక్కాయి. 1946 ఆగస్టు 11న ఈ కోటలోనే జెండా ఎగిరిననాడు బత్తిని మొగిలయ్య రజాకార్ల చేతిలో ప్రాణమిచ్చాడు.

తోరణాలను కాపాడుకుందాం. ఐతే వాటి నీడలో తరతరాలుగా బతుకుతున్న వారిని శిథిలాలకు అడ్డుగా చూసే చరిత్ర మనకు వద్దు. కోట కూలినా ఊరు నిలిచింది. దాన్ని నిలిపిన పరుసవేది వారి చేతుల్లోనే వుంది.