పెన్న అవతల ఇల్లు

మైపాడు వైపు బండి ఏది షాపుకొచ్చినా మా మెకానిక్ ముందు వంగి చూసేది ఇంజను కాదు, చైను. ఒక లింకును వేలితో పైకెత్తి వదిలేస్తాడు. అది తిరిగి వాలకుండా ఎత్తినచోటే నిక్కి నిలబడితే, “ఉప్పు తినేసింది సామీ,” అంటాడు. సముద్రానికి అయిదారు కిలోమీటర్ల లోపల తిరిగే బండ్లకి చైను, స్పోకులు, సైలెన్సరు అడుగు ముందుగా పోతాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంటుంది.

2021 అక్టోబరు నెలాఖరున మా నాలుగు బండ్లు ఆయన షాపు ముందు వరసగా నిలబెట్టాం. రెండు బుల్లెట్లు, ఒక పల్సరు, ఒక యూనికార్న్. నాలుగింట్లో మూడింటి చైన్లు మార్చాల్సిందేనన్నాడు. “యాడికి నాయనా ఈ ప్రయాణం?” అని అడిగాడు. గోవాకన్నాం. ఆయన నవ్వలేదు. “బండ్లు పోతాయి. మీరు నలుగురూ కలిసి పోయి కలిసి రాగలరా, అది చూసుకోండి,” అన్నాడు.

మిత్రులు తమ పేర్లు రాయొద్దన్నారు. ఒకడు హైస్కూల్లో సోషల్ చెబుతాడు, మేం పంతులంటాం. ఒకడు రొయ్యల గుంటలు చేస్తాడు. ఇంకొకడికి నెల్లూరులో ఫొటో స్టూడియో ఉంది. నాలుగోవాణ్ని నేను. నలుగురం ఒకే బళ్లో చదువుకున్నవాళ్లం. అందరికీ నలభై దాటాయి, అందరికీ ఇళ్లు, పిల్లలు, అప్పులు ఉన్నాయి.

ఈ ఆలోచన పంతులిది. కరోనా రెండో విడతలో ఇంట్లో కూర్చుని అతను చదివిన పుస్తకాల్లో పియా బహదూర్ రాసిన ‘రోడ్ టు మెకాంగ్’ ఒకటి. 2018 ఫిబ్రవరిలో జై భారతి నాయకత్వంలో నలుగురు ఆడవాళ్లు హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ల మీద బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. దాదాపు 17,000 కిలోమీటర్లు. మయన్మార్‌లో కుడివైపు నడపాలి, థాయ్‌లాండ్‌లోకి రాగానే ఎడమవైపుకు మారాలి, లావోస్‌లో మళ్లీ కుడి. “వాళ్లు అంత చేస్తే, మనం మన రోడ్డు చివర ఏముందో కూడా చూడలేదు రా,” అన్నాడు పంతులు.

మన రోడ్డంటే 67వ నంబరు జాతీయ రహదారి. కృష్ణపట్నం ఓడరేవు దగ్గర ఒక కొస. నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, బళ్లారి, హోసపేట, కొప్పళ, గదగ్, హుబ్బళ్లి, ధార్వాడ మీదుగా సాగి కర్ణాటకలో రామనగర్ దగ్గర రెండో కొస. సుమారు 770 కిలోమీటర్లు. రామనగర్ నుంచి అన్మోడ్ ఘాట్ దిగితే గోవా, అరేబియా సముద్రం. నెల్లూరోళ్లం ఇప్పటికీ దాన్ని బొంబాయి రోడ్డనే అంటాం. రోజూ దాని మీదే తిరుగుతూ, అది ఎక్కడికి పోతుందో చూడనివాళ్లం మాలో ఎంతమందో.

ముందు ఒక ఆదివారం నేలపట్టు దాకా వెళ్లొచ్చాం. అప్పటికే గూడబాతులు దిగి చెట్లన్నీ తెల్లబడ్డాయి. పక్షుల కోసం కాదు మేం పోయింది, బరువు కట్టుకుని బండి ఎలా నడుస్తుందో చూసుకోవడానికి. పోను రాను నూట డెబ్భై కిలోమీటర్లకే సంగతి తెలిసిపోయింది. సంచులు ఒకవైపుకు జారాయి. స్టూడియో మిత్రుడికి నడుం పట్టేసింది. బుల్లెట్లు ముందు పోతే యూనికార్న్ వెనకబడి కనపడకుండా పోయింది.

ఆ రాత్రే ఒక నోటుబుక్కు కొని కట్టుబాట్లు రాసుకున్నాం. నెమ్మదిగా నడిపేవాడి బండి ముందుండాలి, గట్టివాడు చివర రావాలి. గంటన్నరకొకసారి ఆగాలి. పొద్దుగూకాక బండి తీయకూడదు. డబ్బు ఒకడి దగ్గరే ఉండాలి. ఆర్సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు కాగితాలు పాలిథిన్ సంచీలో చుట్టి సీటు కింద పెట్టాలి. చివర్న పంతులు మరో మాట రాశాడు: ‘ముందుకు పోవడానికి నలుగురూ ఒప్పుకోవాలి. ఆగడానికి ఒక్కడు చాలు.’ కింద నలుగురం సంతకాలు పెట్టాం. ఆ చివరి వాక్యం మాకు ఎంత పని చేసిపెట్టిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మెకానిక్ కూడా తన వంతు చేశాడు. ప్రతి బండికీ కొత్త క్లచ్ కేబుల్ ఒకటి తెప్పించి, పాతదాని పక్కనే, అదే దారిలో హ్యాండిల్ నుంచి ఇంజను దాకా నడిపి, టేపుతో కట్టాడు. కొసలకు గ్రీజు పూసి ప్లాస్టిక్ కాగితం చుట్టాడు. “తెగితే కొత్తది వెతుక్కోబళ్లా, కొసలు మార్చి తగిలించుకోండి,” అన్నాడు.

నవంబరు 13, శనివారం తెల్లవారుజామున కృష్ణపట్నంలో బయల్దేరాం. ఆ ఏడాది మే నెలలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన మందు కోసం జనం విరగబడిన ఊరు అది. ఇప్పుడు మళ్లీ బొగ్గు లారీలు, నూనె ట్యాంకర్లు తప్ప అలికిడి లేదు. ముత్తుకూరు మీదుగా నెల్లూరొచ్చి పెన్న వంతెన ఎక్కేసరికి తెల్లారింది. ఏటిలో నీళ్లు ఓ మోస్తరుగా పారుతున్నాయి. ఒడ్డున రంగనాయకుల గాలిగోపురం కనపడగానే నలుగురం హారన్ కొట్టాం.

ఆ రోడ్డుకొక విశేషం ఉంది. సగం దూరం అది పెన్నకు ఎదురు నడుస్తుంది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రయాణించి మా ఊళ్ల దగ్గర ఊటుకూరు వద్ద సముద్రంలో కలిసే ఏరు అది. సోమశిల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, తాడిపత్రి, అన్నీ దాని ఒడ్డునో, దగ్గర్లోనో ఉన్నవే. మొదటి రాత్రి గండికోటలో పడుకున్నాం. పొద్దున్నే అంచున నిలబడి చూస్తే, ఎర్రటి రాతి గోడల నడుమ నీళ్లు నిండుగా, కదలకుండా ఉన్నాయి. ఇవే మనింటి దగ్గరికొచ్చే నీళ్లని రొయ్యల మిత్రుడు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

హంపిలో ఒకరోజు ఉన్నాం. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేది లేదు. గదగ్ దాటాక గాలిమరల మధ్య స్టూడియో మిత్రుడి పల్సరు క్లచ్ కేబుల్ తెగింది. చుట్టూ జొన్నచేలు. కనుచూపు మేరలో షాపు లేదు. టేపు విప్పి, కాగితం ఊడదీసి, కొసలు మార్చాం. పది నిమిషాలు పట్టింది. నెల్లూరు మెకానిక్‌కు అక్కణ్నుంచే ఫోను చేసి చెప్పాం. ఆయన “సరే, చేతులు కడుక్కోండి,” అని పెట్టేశాడు.

గోవాలో ఉన్నది ఒక్క సాయంత్రమే. పుట్టినప్పట్నుంచీ మాకు పొద్దు సముద్రంలోంచి లేవడమే తెలుసు. ఆరోజు సముద్రంలో కుంకుతుంటే చూశాం. ఎవరూ ఫొటో తీయలేదు, స్టూడియో మిత్రుడు కూడా.

17న వెనక్కి తిరిగి హోసపేటలో పడుకున్నాం. 18న గుత్తి దాటాక ముసురు పట్టుకుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని, పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటుతుందని ఫోన్లో చూస్తూనే ఉన్నాం. తీరం దాటేది అక్కడ కదా, మనం ఇంత లోపల ఉన్నామన్న ధీమా. అది తప్పు. 19 తెల్లవారుజామున తీరం దాటిన వాయుగుండం వానంతా రాయలసీమ మీద కుమ్మరించింది. మేం బద్వేల్లో లాడ్జి గదిలో ఉన్నాం. రోడ్డు మీద ఎదురు షాపు బోర్డు కనపడలేదు.

ఆ ఉదయమే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు పల్లెల మీద నీళ్లు పడ్డాయి. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. టీవీలో ఆ బొమ్మలు చూస్తుంటే గదిలో ఎవరికీ మాట రాలేదు. పంతులు మ్యాపు తీసి మంచం మీద పరిచాడు. చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు. మూడింటి మీదా వేలు నడిపించాడు. మూడూ పెన్నలోనే కలుస్తాయి. ఆ నీళ్లన్నీ సోమశిలకొస్తాయి. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు, అప్పటికే నిండు కుండ. వచ్చింది వచ్చినట్టు కిందికి వదలక తప్పదు. కింద ఉన్నది మా ఊళ్లు.

రొయ్యల మిత్రుడి ఇల్లు నెల్లూరుకు తూర్పున, పెన్న గట్టుకు ఆనుకుని ఉన్న పల్లెలో. తల్లి ఒక్కతే ఉంది. భార్యాపిల్లలు పుట్టింటికెళ్లారు. మధ్యాహ్నం నుంచి తల్లి ఫోను కలవడం లేదు. రాత్రి ఎనిమిదింటికి అతను రెయిన్‌కోటు తొడుక్కుని హెల్మెట్టు తీసుకున్నాడు.

“నాకు ఈతొచ్చు. ఈ రోడ్డు నాకు తెలుసు. మా అమ్మ ఒక్కతే ఉండాది. మీరుండండి, నేను పోతా.”

స్టూడియో మిత్రుడు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఇద్దరూ ఒకర్నొకరు నెట్టుకున్నారు. పంతులు లేవలేదు. సంచీలోంచి నోటుబుక్కు తీసి చివరి పేజీ తెరిచి మంచం మీద పెట్టాడు, పక్కన పెన్ను పెట్టాడు.

“పో మామా. పోయే ముందు నీ సంతకం కొట్టేసి పో.”

అతను ఆ పేజీ వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. రెయిన్‌కోటుతోనే కూర్చుండిపోయాడు. గట్టిగా ఏడ్చాడు. ముప్ఫై ఏళ్ల స్నేహంలో అతను ఏడవడం నేను చూసింది ఆరోజే.

రాత్రి పదకొండున్నరకు ఫోను మోగింది. ఎవరిదో నంబరు, తల్లి గొంతు. “ఊళ్లోవాళ్లు బళ్లోకి తోలుకొచ్చారు నాయనా. అన్నం పెట్టారు. నువ్వు యాడుండావో ఆడే ఉండు. ఏట్లోకి దిగొద్దు.”

శనివారం వాన తగ్గింది. ఘాట్ రోడ్డు మీద కొట్టుకొచ్చిన మట్టి, కొమ్మల మధ్య నెమ్మదిగా ఆత్మకూరు చేరాం. సోమశిల నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వదులుతున్నారని చెప్పారు. డ్యాము కింద సోమేశ్వరాలయం దెబ్బతింది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పోలీసులు ఆపేశారు. ముందు దామరమడుగు ముంపులో ఉంది. నెల్లూరు పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. ఆకాశం తేటగా ఉంది, ఎండ కూడా వచ్చింది. పెన్న వరద అలాంటిదే. వాన ఎక్కడో కురిసి వెలిశాక, ఒకటి రెండు రోజులకు నెల్లూరును ముంచుతుంది. ఎండను చూసి ధైర్యపడ్డవాళ్లే మోసపోతారు.

పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటో ఫోన్లన్నింట్లో తిరిగింది. చెన్నై, విజయవాడ మధ్య రైళ్లు ఆగిపోయాయి. 16వ నంబరు హైవే కోసుకుపోయి లారీలు బారులు తీరాయి. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిందన్న వార్త తర్వాత వచ్చింది. 770 కిలోమీటర్ల రోడ్డు రెండుసార్లు దాటినవాళ్లం, చివరి పదిహేను దగ్గర ఆగిపోయాం.

వెనక్కి తిరిగి ఆత్మకూరు వెళ్తే, స్టూడియో మిత్రుడి దూరపు బంధువులు మూడు రాత్రులు మాకు తావిచ్చారు. ముక్కూముఖం తెలియని నలుగురికి పూటపూటా అన్నం వండిపెట్టారు. అక్కడ పంతులు ఏనుగుల వీరాస్వామయ్య సంగతి చెప్పాడు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో నెల్లూరు దారినే ఇల్లు చేరాడాయన. పదిహేను నెలల ప్రయాణం. “మనం మూడు రోజులు ఆగలేమా?” అన్నాడు. రొయ్యల మిత్రుడు మొదటిసారి తలెత్తి, “ఆగుదాం,” అన్నాడు.

23, మంగళవారం పెన్న వంతెన దాటాం. పోయేటప్పుడు హారన్ కొట్టిన చోట ఎవరం కొట్టలేదు. ఏరు ఎర్రగా, బరువుగా పోతోంది. నేరుగా బడికి వెళ్లాం. రొయ్యల మిత్రుడి తల్లి వరండాలో కూర్చుని నలుగురితో కలిసి కూరగాయలు తరుగుతోంది. కొడుకును చూసి కత్తిపీట మీంచి లేచింది. ముందు అతని చేతులు, తర్వాత మా ముగ్గురి చేతులు పట్టుకుని చూసింది.

అతని రొయ్యల గుంటలు రెండూ పోయాయి. ఏరేటర్లు బురదలో ఇరుక్కుని ఉన్నాయి. గట్టు మూడుచోట్ల తెగింది. పిల్ల వేసి రెండు నెలలైన పంట. అతను గట్టు మీద కూర్చుని నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. చివరి పేజీ చింపి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అది అతని బండి కాగితాలతోపాటే ఉంటుంది.

కార్తీకంలో బండ్లు తీసే మిత్రులకు ఒక మనవి. మీరు వెళ్లే ఊరి వాతావరణం ఒక్కటే చూసుకోకండి. మీ ఇంటి దగ్గరి ఏటికి ఎగువన ఏ ఏళ్లు కలుస్తాయో, అక్కడ వాన ఎంత పడుతోందో కూడా చూసుకోండి. బయల్దేరక ముందే, ఆగడానికి ఒక్కడి మాట చాలని రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి.

నా బుల్లెట్టు మీటరు లెక్కన ఆ ప్రయాణం 1,846 కిలోమీటర్లు. ఆ తర్వాత వారం రోజులు బండ్లు కదల్లేదు. నలుగురం కలిసి గట్టు పోశాం.