పొలం కాపలాకు తుపాకి: ఏ బోరుకు లైసెన్సు ఇస్తారు? అడవి పందిని కాల్చవచ్చా?

వేరుశనగ ఊడలు దిగే సమయంలో పలమనేరు, బైరెడ్డిపల్లె, రామకుప్పం వైపు రైతులకు రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఒక్క పందుల గుంపు దిగితే తెల్లారేసరికి అరెకరం దున్నేసి పోతుంది. చంద్రగిరి, ఎర్రావారిపాళెం మండలాల్లో శేషాచలం అడవిని ఆనుకుని ఉన్న పొలాలదీ ఇదే పరిస్థితి. మంచె మీద డబ్బా కొట్టినా, టపాసులు పేల్చినా నాలుగు రోజులకు పందులు అలవాటు పడిపోతాయి. అప్పుడు వచ్చే ఆలోచన తుపాకి. బొలెరోలోనో ట్రాక్టర్ మీదో పెట్టుకుని పొలం చుట్టి రావడానికి ఏ రైఫిల్ మంచిది, .22నా, .315నా అని కొందరు అడుగుతుంటారు.

అసలు ఈ ప్రశ్నే ఒక మెట్టు దాటేసి మొదలవుతోంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో రైతు దుకాణానికి వెళ్లి బోరు ఎంచుకుంటాడు. మన దగ్గర పంట కాపలాకు ఏ రకం తుపాకి అన్నది చాలావరకు చట్టమే ముందుగా చెప్పేసింది. అది రైఫిల్ కాదు.

చట్టంలో ఏముంది?

1959 నాటి ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్ లైసెన్సులను రెండు గంపల్లో వేసింది. మొదటి గంపలో ఆత్మరక్షణకు లేదా క్రీడకు వాడే నున్నటి గొట్టం తుపాకి (గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గకూడదు), నిజమైన పంట రక్షణకు వాడే మందు తుపాకి ఉన్నాయి. మందు తుపాకి అంటే గొట్టం మూతి నుంచి మందు, గుళ్లు కూరి పేల్చేది. వీటికి దరఖాస్తు వస్తే అధికారి లైసెన్సు ‘ఇవ్వాలి’ అన్నట్టుగా చట్టం మాట్లాడుతుంది. 14వ సెక్షన్‌లో చెప్పిన అభ్యంతరాలు ఏవైనా ఉంటే తప్ప. మందు తుపాకి చాలదని అధికారికి నమ్మకం కలిగితే, పంట రక్షణకే నున్నటి గొట్టం ఉన్న మరో తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని అదే సెక్షన్ వెసులుబాటు కల్పించింది. మన ఊళ్లలో పన్నెండు బోరు అనేది దీన్నే.

రైఫిల్ రెండో గంపలోది. దానికి ‘తగిన కారణం’ ఉందని దరఖాస్తుదారు అధికారిని ఒప్పించాలి. పందులు పంట తింటున్నాయన్న కారణానికి చట్టమే ఒక తుపాకి చూపించింది కాబట్టి, అది వదిలి రైఫిల్ ఎందుకన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కాబట్టి పంట రక్షణ పేరుతో దరఖాస్తు చేసే రైతు రైఫిల్ రాస్తే, తన పని తానే కష్టం చేసుకున్నట్టు.

బోరు అంటే ఏమిటి?

ఇక్కడ రెండు లెక్కలున్నాయి, కలిపేసుకోకూడదు. రైఫిల్‌లో బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో. .315 అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. గొట్టం లోపల మెలికల గాడులుంటాయి. వాటి వల్ల తూటా గిర్రున తిరుగుతూ దూరం పోతుంది, గురి కుదురుతుంది. పన్నెండు బోరు లెక్క వేరు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు తూగుతాయి, అందుకే ఆ పేరు. గొట్టం వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. లోపల గాడులు ఉండవు. ఒక్కో తూటాలో పదుల, వందల సంఖ్యలో గుళ్లు ఉంటాయి. పెద్ద గుళ్లయితే అరడజనో, డజనో.

.303, 9 ఎంఎం లాంటివి నిషిద్ధ బోర్లు. సామాన్యుడికి వాటి ఊసే లేదు. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే .303 జనం చేతికి వెళ్లకూడదన్న ఉద్దేశంతోనే .315 ఇక్కడ స్థిరపడింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని ఏళ్ల తరబడి తయారుచేసింది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు 2021 అక్టోబర్ 1 నుంచి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మారాయి.

రైఫిల్ ఎందుకు వద్దంటారు?

చట్టం పక్కన పెట్టినా, మన పొలాల తీరు చూస్తే కారణం తెలిసిపోతుంది. ఒక్కొక్కరిది రెండు మూడు ఎకరాలు. గట్టు దాటితే పక్కవాడి పొలం, అందులో అతనూ కాపలాకే వచ్చి ఉంటాడు. ఆ పక్కన బోరు షెడ్డు, కోళ్ల ఫారం, పల్లె. గురి తప్పిన .315 తూటా కిలోమీటర్ల దూరం పోతుంది. చిన్నదనుకునే .22 తూటా కూడా కిలోమీటరున్నర వరకు ప్రమాదమే. పైగా ఆ .22 దెబ్బకు పెద్ద పంది పడదు. గాయపడి పొదలోకి దూరుతుంది. మర్నాడు గడ్డికి వెళ్లిన మనిషి మీదికి తిరగబడేది అదే పంది.

పన్నెండు బోరులో చిన్న గుళ్లు రెండు మూడు వందల మీటర్లలో నేలకు దిగిపోతాయి. ఎల్‌జీ, ఎస్‌జీ అని పిలిచే పెద్ద గుళ్లు అంతకన్నా దూరం, ఆరేడు వందల మీటర్ల వరకు పోగలవు. అయితే వాటికి కూడా పని జరిగే దూరం 30, 40 మీటర్లే. అంతకు మించితే గుళ్లు చెదిరిపోయి జంతువును గాయపరచడం తప్ప ఏమీ జరగదు. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో కదిలేది పందో మనిషో తేలనప్పుడు ఏ బోరూ సురక్షితం కాదనుకోండి.

ఎయిర్ గన్ సంగతి కూడా అడుగుతారు. 4.5 ఎంఎం బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. పందికి అది చీమ కుట్టినట్టే. నెమళ్ల మీద వాడితే మాత్రం నేరుగా జైలు దారి, ఎందుకంటే నెమలి వన్యప్రాణి చట్టంలోని షెడ్యూల్ 1లో ఉంది. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ వేసి పేల్చే గొట్టాలు చవకగా వస్తున్నాయని కొంటున్నవారూ ఉన్నారు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వాటి వల్ల ఎంతోమంది పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. పేలలేదని గొట్టంలోకి తొంగి చూసిన క్షణంలోనే అది పేలుతుంది.

అడవి పక్కన ఉంటే మరో అనుమతి

చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతులు ముందుగా చూసుకోవాల్సింది ఇదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల పరిధిలో కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలి. ఈ నిబంధన జాతీయ పార్కులకూ వర్తిస్తుంది. మనకు ఒకవైపు కౌండిన్య అభయారణ్యం, మరోవైపు శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. పటం మీద ఈ రెండింటి చుట్టూ 10 కిలోమీటర్ల గీత గీస్తే పందుల బాధ ఎక్కువగా ఉన్న పల్లెలే అందులో పడతాయి. అవసరం ఎక్కువున్న చోటే లైసెన్సు కష్టం కావడం రైతుకు మింగుడుపడని విషయమే. కానీ దరఖాస్తు ఏళ్ల తరబడి ఎందుకు కదలడం లేదో తెలియక తిరిగేకన్నా, మన పొలం ఆ పరిధిలో ఉందో లేదో అటవీ రేంజ్ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

దరఖాస్తు ఎలా?

జిల్లాలో లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మెజిస్ట్రేట్‌గా కలెక్టర్‌ది. దరఖాస్తు ఫారం ఎ-1లో, కేంద్ర హోంశాఖ నడిపే ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్ పోర్టల్ ద్వారా పెట్టుకోవాలి. వయసు 21 నిండాలి. గుర్తింపు, చిరునామా పత్రాలతో పాటు పట్టాదారు పాసు పుస్తకం, 1బి, అడంగల్ నకళ్లు, పంట నష్టం ఫొటోలు, గతంలో అటవీ శాఖకు ఇచ్చిన ఫిర్యాదుల రసీదులు ఉంటే జత చేయండి. పంట రక్షణ ‘నిజమైనది’ అని చూపడానికి ఇవే ఆధారం. ఆయుధాన్ని సురక్షితంగా వాడటంపై శిక్షణ పొందిన సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందన్న హామీ పత్రం కూడా అడుగుతారు. తర్వాత పోలీస్ స్టేషన్‌కు విచారణకు వెళుతుంది. మంజూరైతే లైసెన్సుకు ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య వస్తుంది. అది లేని లైసెన్సు చెల్లదు.

కౌలు రైతులకు ఒక మాట. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. సొంత పట్టా లేకపోతే పంట సాగుదారు హక్కు కార్డు జత చేయవచ్చు. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై అప్పీలుకు 18వ సెక్షన్‌లో అవకాశం ఉంది.

2019 డిసెంబర్ సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక్కరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

లైసెన్సు ఉంటే కాల్చవచ్చా?

లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆయుధాల చట్టం కింద వచ్చేది తుపాకి పెట్టుకునే అనుమతి. జంతువును చంపే అనుమతి వన్యప్రాణి చట్టం కింద విడిగా రావాలి. 2022 సవరణ తర్వాత అడవి పంది షెడ్యూల్ 2లో ఉంది. మనుషులకు గానీ, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ అది ప్రమాదకరంగా మారిందని తేలితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా వేటకు అనుమతించవచ్చని 11వ సెక్షన్ చెబుతోంది. కేరళ ప్రభుత్వం 2022లో పందుల విషయంలో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. అలాంటి ఉత్తర్వు చేతిలో లేకుండా కాల్చితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు సదుద్దేశంతో ఆత్మరక్షణకు కాల్చడం నేరం కాదు. ఆ సమయంలో మనం చట్టవిరుద్ధమైన పనిలో ఉండకూడదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకుంటే అది మళ్లీ వేరే కేసు.

ఏనుగుల మాట వేరేగా చెప్పాలి. కౌండిన్య వైపు మామిడి, చెరకు తోటల మీద పడే ఏనుగు షెడ్యూల్ 1 జంతువు. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు, జరిమానా కనీసం 25 వేలు. దాన్ని ఆపగల బోరు రైతు దగ్గర ఉండదు. గుళ్లు తగిలి రెచ్చిపోయిన ఏనుగు తర్వాతి ఊరిలో ఎవరినో తొక్కుతుంది. వాటిని మళ్లించేందుకే 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను పలమనేరు ప్రాంతానికి తెచ్చారు.

వాహనంలో పెట్టుకుని తిరగవచ్చా?

లైసెన్సులో రాసిన ప్రాంతం, షరతుల మేరకే. బహిరంగ ప్రదేశంలో తుపాకి సంచిలో కట్టి ఉండాలి, చేత పట్టుకుని తిప్పకూడదు. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టాలంటే 31వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి కావాలి, అడ్డదారిలో పొలానికి వెళుతున్నా సరే. అలిపిరి తనిఖీ దాటి తిరుమలకు తుపాకి పోనివ్వరు. శేషాచలం అంచున రాత్రిపూట తుపాకితో కనిపిస్తే ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్‌కు మీరు రైతో కాదో తెలిసే వీలుండదు. లైసెన్సు కాగితం జేబులోనే ఉంచుకోండి. కొడుకునో కాపలా మనిషినో తుపాకితో పంపేట్టయితే ఆ సంగతి దరఖాస్తులోనే అడగాలి. లైసెన్సులో పేరు లేని వ్యక్తి చేతిలో అది అక్రమ ఆయుధమే.

నాటు తుపాకి, కరెంటు తీగ

లైసెన్సు లేని నాటు తుపాకి దొరికితే శిక్ష ఇప్పుడు రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు. తయారుచేసి అమ్మినవారికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఇక పొలం చుట్టూ కరెంటు తీగ లాగడం అన్నిటికన్నా ఘోరం. పందికి పెట్టిన తీగకు నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతు బలవుతున్నాడు. ప్రమాణాల ప్రకారం వేసిన సోలార్ కంచె షాక్ కొట్టి తరుముతుంది, చంపదు. తేడా అక్కడుంది.

పంట పోయిన రోజే ఫొటోలు తీసి అటవీ సెక్షన్ అధికారికి ఫిర్యాదు ఇస్తే పరిహారానికి దారి ఉంటుంది. ఫసల్ బీమా పథకంలో వన్యప్రాణుల వల్ల జరిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. 72 గంటల్లో యాప్‌లో ఫొటోలతో తెలియజేయాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి.

తండ్రి చనిపోయాక ఆయన తుపాకి అటక మీద ఉండిపోయిన ఇళ్లు కొన్ని ఉంటాయి. ఆయనతోనే లైసెన్సూ పోయింది. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసులు తమ పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సు ఉన్నవారు కూడా ఎన్నికల కోడ్ వస్తే పోలీసులు అడిగినప్పుడు తుపాకి అప్పగించాల్సి ఉంటుంది. 2024లో పోలింగ్ మే 13న, మామిడి కాయ ముదిరే రోజుల్లో జరిగింది. ఫలితాలు వెలువడి, కోడ్ ముగిశాక రసీదు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.